తవ్వేటప్పుడే పంపండి

సంపాదకుల వారికి నమస్కారం.

సైనిక ఇంజినీర్లను నగరాల మెట్రో సొరంగం పనులకు సెకండ్‌మెంట్ మీద పంపడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసానికి ఒక పాఠకుడు ఘాటుగానే జవాబు రాశారు. ‘సరిహద్దులో ఉండాల్సిన మేజరుగారికి మెట్రోలో ఏం పని? జీతం ప్రజలది, లాభం కంట్రాక్టరుది’ అన్నారాయన. అందులో న్యాయం లేకపోలేదు. ఎవరిని, ఎక్కడికి, ఏ షరతు మీద పంపుతున్నామో చూసుకోకుండా పంపితే సరిగ్గా అదే జరుగుతుంది. కానీ ధవళేశ్వరం నీళ్ళు తాగే ఊళ్ళ నుంచి ఈ ప్రశ్న రావడమే కొంచెం వింత. 1847లో ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ మద్రాస్ ఇంజినీర్స్ దళంలో సైనికాధికారి. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీద కాలువని దాటించే పాత అక్విడక్టు కట్టించిన హేగ్ కూడా ఆ దళం మనిషే. సెకండ్‌మెంట్ అన్న మాట మనకి కొత్తగా వినబడుతోంది గానీ పని పాతదే. ఆఫీసుల భాషలో చెప్పాలంటే డిప్యుటేషన్‌కి దగ్గరి చుట్టం: ఉద్యోగం, సీనియారిటీ, పెన్షను సొంత శాఖలో ఉంటాయి, పని మాత్రం కొంతకాలం వేరేచోట.

ఆ పాఠకుడికి మా వైపు నుంచి ఒక ఎదురు ప్రశ్న. 2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లో సిల్క్యారా సొరంగం కూలి 41 మంది లోపల ఉండిపోతే సైన్యం ఇంజినీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్ వాళ్ళను పిలిచారు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో ఎనిమిదిమంది చిక్కుకుంటే సైన్యం ఇంజినీరింగ్ బృందాన్ని పిలిచారు. కూలాక పిలవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. తవ్వేటప్పుడు పక్కన నిలబడి నేర్చుకుంటామంటేనే అభ్యంతరం. లోపల మిషను ఎలా ఉంటుందో, దాని వెనక లాక్కెళ్ళే గ్యాంట్రీ బళ్ళ మీద ఏ వస్తువు ఎక్కడుంటుందో, నీళ్ళు ఎటునుంచి వస్తాయో ముందే చూసి ఉన్న మనిషి బయట నిలబడటం వేరు, నక్షా ఇచ్చి చూడమంటే నిలబడటం వేరు.

మన సైనిక ఇంజినీర్లకు సొరంగాలు తెలియవని కాదు. బోర్డర్ రోడ్స్ సంస్థ రోహ్‌తాంగ్ కింద 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తవ్వి 2020 అక్టోబరులో తెరిపించింది. అందులో సేరి నాలా కింద సుమారు 600 మీటర్ల పగులు మండలం ఏళ్ళ తరబడి ఏడిపించింది. ఆ అనుభవం చిన్నది కాదు. కానీ అది కొండలో, రాతిలో. కన్నాలు వేసి, మందు కూరి, పేల్చి, పొగ పోయాక రాయి తీసి, కాంక్రీటు చిమ్మి, బోల్టులు కొట్టుకుంటూ వెళ్ళే పద్ధతి. రాయి కనీసం కొన్ని గంటలైనా తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. నగరం కింద, అందులోనూ నది పక్క నగరం కింద, ఒండ్రు మట్టికి ఆ ఓపిక ఉండదు. కొన్ని నిమిషాలు కూడా నిలవదు. దానిపైన ఇళ్ళుంటాయి.

ఈ తేడా గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పినంత తేలిగ్గా ఇంకెవరికీ చెప్పలేం. నుయ్యి తవ్వడం చూసిన వాళ్ళకి వరలు దింపడం తెలుసు. వర లోపల కూర్చుని అడుగున మట్టి తీస్తుంటే వర తన బరువుకి కిందికి దిగుతుంది, పైన ఇంకో వర పెడతారు. బంకమట్టి ఉన్నంతసేపూ పని సాఫీగా సాగుతుంది. ఇసుక పొర తగిలిందా, కిందనుంచి నీళ్ళతో పాటు ఇసుక పొంగుతుంది. తోడినకొద్దీ వస్తూనే ఉంటుంది. అంత ఇసుక ఎక్కడిది? చుట్టుపక్కల నేల కిందది. అందుకే నుయ్యి పక్క అరుగు కుంగుతుంది, గోడ బీటలిస్తుంది, వర ఒరుగుతుంది. అనుభవమున్న వాడైతే తోడటం ఆపి, నూతిలో నీళ్ళు పెరగనిస్తాడు. లోపలి నీటి బరువు బయటి నీటిని ఆపుతుంది. మెట్రో సొరంగం అంటే ఆ నుయ్యినే పడుకోబెట్టి, ఆరున్నర మీటర్ల వెడల్పు చేసి, ఊరి కింద అడ్డంగా దింపుతూ పోవడం. పడుకోబెట్టాక వర తన బరువుతో ముందుకి పోదు కాబట్టి జాకీలతో నెట్టాలి, నూతిలో నీళ్ళు నిలిపినట్టు మిషను మూతి దగ్గర ఒత్తిడి నిలపాలి. మిగతా యంత్రాంగమంతా ఈ రెండింటి కోసమే.

లెక్క చూడండి. సొరంగం మధ్యగీత నేలకి 18 మీటర్ల లోతున ఉందనుకుందాం. మన డెల్టాలోలాగా రెండు మీటర్లకే నీరు. అంటే మధ్యగీత దగ్గర 16 మీటర్ల నీటి బరువు, పది మీటర్ల నీటికి ఒక బార్ చొప్పున 1.6 బార్. తవ్వకం వ్యాసం 6.6 మీటర్లయితే పై అంచున 1.3, కింద అంచున 1.9 దాకా ఉంటుంది. దీనికి మట్టి ఒత్తిడి కొంత, జాగ్రత్తకి ఇంకో 0.2 బార్ కలిపి, మూతి వెనక గదిలో అంత ఒత్తిడి ఎప్పుడూ ఉండేలా చూడాలి. ఎర్త్ ప్రెషర్ మిషనులో తవ్విన మట్టే ఆ ఒత్తిడినిస్తుంది. గదిలోంచి మట్టి మరలాంటి స్క్రూ కన్వేయరు ద్వారా బయటికి వస్తుంది. స్క్రూ నెమ్మదిగా తిప్పితే ఒత్తిడి పెరుగుతుంది, వేగంగా తిప్పితే పడిపోతుంది. మట్టి టూత్‌పేస్టులా ఉంటేనే స్క్రూలో బిరడాలా పనిచేస్తుంది. శుభ్రమైన ఏటి ఇసుక బిరడా కాదు, జల్లెడ. అందుకే నురగ, అవసరమైతే బెంటొనైటు అనే మెత్తటి బంకమట్టి కలుపుతారు. అవి సరిగా కలవకపోతే స్క్రూ గేటు తెరవగానే నీళ్ళు, ఇసుక ఒక్కసారిగా తన్నుకొస్తాయి. ఇసుక మరీ ఎక్కువున్న చోట స్లర్రీ మిషను, అంటే బెంటొనైటు కలిపిన నీళ్ళతో మూతి దగ్గర ఒత్తిడి నిలిపేది, వాడటం మంచిది. లండన్ ఎలిజబెత్ రైలు లైనుకి వాడిన ఎనిమిది మిషన్లలో ఆరు ఎర్త్ ప్రెషర్‌వి, థేమ్స్ కింద సుద్దరాయిలో వెళ్ళిన రెండు మాత్రమే స్లర్రీవి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ వారాల తరబడి మండటం చూసిన కోనసీమకి, కింద ఉన్న ఒత్తిడికి పైన సమాన ఒత్తిడి లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఒత్తిడి తక్కువైతే నేల కుంగుతుంది, ఎక్కువైతే నేల ఉబికి రోడ్డు మీద నురగ తేలుతుంది. డ్రైవరు ముందున్న తెర మీద అంకెలన్నీ పచ్చగా ఉండగానే నేల కుంగడమూ ఉంది. దాన్ని పట్టేది బరువు లెక్క. తవ్విన చోట సొరంగానికి లోపల పేర్చే కాంక్రీటు వరని రింగు అంటారు, దాని ముక్కల్ని సెగ్మెంట్లు అంటారు. మన మెట్రోల్లో చాలాచోట్ల వాడిన కొలతలు తీసుకుంటే, లోపలి వ్యాసం 5.8 మీటర్లు, సెగ్మెంటు మందం 275 మి.మీ., ఒక్కో రింగు వెడల్పు 1.4 మీటర్లు. ఒక రింగుకి తవ్వాల్సిన మట్టి సుమారు 48 ఘనపు మీటర్లు, తడి ఒండ్రు అయితే 91 టన్నుల చిల్లర. మట్టిని మోసే బెల్టు కింద తూకం ఉంటుంది. ఒక రింగుకి 95, తరవాతి దానికి 96, ఆ తరవాత మళ్ళీ 95 వచ్చాయంటే మూడు రింగుల్లో దాదాపు ఏడు ఘనపు మీటర్ల మట్టి ఎక్కువ లాగేశామన్నమాట. మీటరు వ్యాసం, తొమ్మిది మీటర్ల లోతున్న నుయ్యంత ఖాళీ అది. ఆ ఖాళీ ఆ క్షణాన పైకి కనబడదు. గంటకో, రోజుకో, ఒక వాన పడ్డాకో రోడ్డు మీద గుంతై తేలుతుంది.

అయితే తూకం కూడా అబద్ధం చెబుతుంది. బెల్టుకి బురద అంటుకుంటే ఎక్కువ చూపిస్తుంది, నురగనీళ్ళు పెరిగితే బరువు మారుతుంది. అందుకని మట్టి మోసే రైలు డబ్బాల లెక్కతో సరిచూసుకోవాలి. తవ్విన మట్టి మూడో వంతుకి పైగా పొంగుతుంది కాబట్టి రింగుకి 65 ఘనపు మీటర్ల దరిదాపు రావాలి. రెండు లెక్కలూ ఒకే దిక్కుకి పోతుంటే మిషను ఆపి వెతకాలి. ఆపే ధైర్యం ఎవరికుంటుందన్నదే అసలు గొడవ, దానికి తరవాత వస్తాం.

మిషను డొక్కు, అంటే దాని చుట్టూ ఉండే ఉక్కు తొడుగు వ్యాసానికి, రింగు బయటి వ్యాసానికి మధ్య తేడా ఉంటుంది. పై కొలతల్లో రింగుకి మూడున్నర ఘనపు మీటర్ల సందు. మిషను ముందుకి జరుగుతుంటేనే వెనకనుంచి గ్రౌటు అనే సిమెంటు పాకం ఎక్కించి దాన్ని నింపాలి. రెండు గొట్టాల్లో వేరువేరుగా వస్తుంది: ఒకదాంట్లో సిమెంటు, బెంటొనైటు, నీళ్ళు, గట్టిపడకుండా ఆపే మందు, రెండోదాంట్లో సోడియం సిలికేటు. రెండూ గొట్టం చివర కలిసిన కొద్ది క్షణాల్లో జున్నులా గడ్డకడతాయి. కలిపే చోట గొట్టం రింగు రింగుకీ కడగకపోతే మూసుకుపోతుంది. మూసుకుపోయిన గొట్టం నుంచి కూడా పంపు మీటరు ఒత్తిడి చూపిస్తూనే ఉంటుంది, సందు మాత్రం ఖాళీగా ఉంటుంది. అందుకే ఒత్తిడి, పరిమాణం రెండూ చూడాలి. మూడున్నరకి బదులు నాలుగు నుంచి ఐదు ఘనపు మీటర్లు పట్టాలి. రెండున్నర పట్టి ఆగిందంటే ఎక్కడో అడ్డం పడింది, ఏడు పట్టిందంటే ఎక్కడో గుహ ఉంది.

ఇవన్నీ సవ్యంగా ఉన్నా కొంత నేల కుంగుతుంది. తవ్విన పరిమాణంలో నూటికి ఒక వంతు నష్టం మామూలు. పై లోతులో అది బంకమట్టి మీద 15 మి.మీ., ఇసుకలో 20 మి.మీ. దాటి కుంగుడుగా పైకి తేలుతుంది. ఇసుకలో కుంగుడు సన్నగా, లోతుగా ఉంటుంది కాబట్టి ఇంటి గోడకి అదే ఎక్కువ చెరుపు. నష్టం నూటికి మూడు వంతులైతే ఇసుక మీది పాత సున్నపు ఇల్లు తట్టుకోదు.

ఇక రింగు పేర్చడం. ఈ పనిని కొంచెం దగ్గరగా చూడమని పాఠకుల్ని కోరుతున్నాం. ఐదు పెద్ద సెగ్మెంట్లు, చివర్లో దూర్చే చిన్న కీలం కలిపి ఒక రింగు. లండన్‌లో ఏడు, ఒక కీలం వాడారు. ఒక్కో సెగ్మెంటు మూడు టన్నుల పైమాటే. ఎరెక్టర్ చెయ్యి దాన్ని ఎత్తి చోటికి తెస్తుంది. అంచు చుట్టూ గాడిలో నల్ల రబ్బరు పట్టీ ఉంటుంది. పక్క సెగ్మెంటు పట్టీతో అది నొక్కుకుంటేనే నీరు ఆగేది. ఇక్కడ జరిగే తప్పు చాలా చిన్నది. అడుగు సెగ్మెంటు మీద పిడికెడు బురద ఉండిపోతుంది. గుడ్డ పెట్టి తుడవడానికి అర నిమిషం చాలు. తుడవకుండా పెడితే అతుకు మూసుకోదు, రెండు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. తరవాతి జాకీ నెట్టుడికి ఆ మూల కాంక్రీటు పెచ్చు ఊడుతుంది. పెచ్చు రబ్బరు వెనక ఊడితే అక్కడినుంచి నీటి చుక్క మొదలవుతుంది. పక్క సెగ్మెంట్ల మధ్య పది మిల్లీమీటర్లకి మించి మెట్టు తేలినా అంతే. కీలాన్ని మూడింట రెండు వంతులు లోపల పెట్టి, రబ్బరుకి సబ్బు రాసి, నెమ్మదిగా జరపాలి. తొందరపడితే పట్టీ మడతపడుతుంది. అది బయటనుంచి కనబడదు. బోల్టులు ఒకసారి బిగిస్తే సరిపోదు. రెండు మూడు రింగులు వెనక్కి పోయాక వదులవుతాయి, మళ్ళీ బిగించాలి. దీన్ని ఏ యంత్రమూ గుర్తుచేయదు, షిఫ్టు పుస్తకంలో రాసుకున్నవాడే చేస్తాడు.

డొక్కు తోక దగ్గర తీగ బ్రష్షులు మూడు వరసల్లో ఉంటాయి. వాటి మధ్య గ్రీజు పంపుతూ ఉంటేనే బయటి నీరు, గ్రౌటు లోపలికి రావు. మిషను గీత తప్పి ఒక పక్కకి ఒరిగితే ఆ పక్క బ్రష్షు నలిగిపోతుంది, ఎదురు పక్క సందు పెరుగుతుంది. గ్రీజు ఖర్చు హఠాత్తుగా పెరిగిందంటే స్టోర్సు గుమాస్తా గోల పెడతాడు. అప్పుడు షిఫ్టు ఇంజినీరు చూడాల్సింది బ్రష్షులని.

మిషను ఆగినప్పుడు ప్రమాదం పోదు, పెరుగుతుంది. నురగలోని గాలి పైకి చేరి, గది పైభాగంలో ఒత్తిడి మెల్లగా జారిపోతుంది. నాలుగు గంటలకోసారి చూసి బెంటొనైటు నింపుతూ ఉండాలి. సంక్రాంతికి సగం మంది మన పల్లెలకి వచ్చేస్తారన్నది ఏ మెట్రో పనిలోనైనా తెలిసిన విషయమే. పండగ లోపు మిషను పాత ఇళ్ళ కింద కాకుండా ఖాళీ స్థలం కిందో, గట్టి నేలలోనో ఆగేలా నెల ముందే లెక్కవేసుకోవాలి. ఇది పంచాంగం చూసి చేసే ఇంజినీరింగ్, నవ్వొచ్చినా నిజం.

కోల్‌కతా సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. అది గంగ డెల్టా, మనది గోదావరి డెల్టా, కింద మట్టి అన్నదమ్ముల మట్టి. అక్కడి ఈస్ట్–వెస్ట్ మెట్రోలో హుగ్లీ నది అడుగున 520 మీటర్ల జంట సొరంగాలు 2017లో ఏ గొడవా లేకుండా పూర్తయ్యాయి. 2024 మార్చిలో వాటిగుండా రైళ్ళు తిరగడం మొదలైంది. నది కింద అందరూ ఒళ్ళు దగ్గరపెట్టుకున్నారు. దెబ్బ తగిలింది ఊళ్ళో. 2019 ఆగస్టు 31న బౌబజార్ కింద మిషనుకి నీళ్ళున్న ఇసుక పొర తగిలి, నీరూ మట్టీ లోపలికి తోసుకొచ్చి, పైన పాత ఇళ్ళు కూలాయి. 2022లో మేలో ఒకసారి, అక్టోబరులో ఇంకోసారి అదే పేటలో ఇళ్ళకి బీటలొచ్చాయి. అప్పటికి మిషను తవ్వకం అయిపోయింది. మిగిలిన షాఫ్టు (పైనుంచి సొరంగంలోకి దిగే నిలువు గొయ్యి) అడుగు, అడ్డసొరంగం పనుల్లో వచ్చిన ఊట అది.

రెండు సొరంగాలని కలిపే అడ్డసొరంగాలు ప్రయాణికులు తప్పించుకోవడానికి. చాలా దేశాలు వాడే అమెరికా అగ్నిభద్రతా ప్రమాణంలో 244 మీటర్లకోటి. ఇక్కడ మిషను ఉండదు. కట్టిన రింగుని కోసి, చేత్తో తవ్వాలి. ముందుగా చుట్టూ నేలని గ్రౌటుతో గట్టిపరచాలి, లేదా గడ్డకట్టించాలి. గడ్డకట్టించడమంటే మీటరుకొకటి చొప్పున గొట్టాలు దింపి, వాటిలో మైనస్ 28 డిగ్రీల ఉప్పునీటి ద్రావణం వారాల తరబడి తిప్పడం. షాంఘైలో 2003 జులైలో మెట్రో నాలుగో లైను అడ్డసొరంగం దగ్గర ఈ గడ్డ చాలక, ఇసుక నీరు పొంగి, నది ఒడ్డున భవనాలు కూలాయి. మన తీరం దగ్గర్లో ఎవరైనా ఈ పద్ధతి వాడదలిస్తే ఒక ముఖ్య విషయం: భూగర్భజలం ఉప్పగా ఉంటే అది సున్నా దగ్గర గడ్డకట్టదు, ఇంకా చల్లబరచాలి, గడ్డ బలమూ తక్కువ. నేలలో నీరు కదులుతూ ఉంటే గడ్డ గోడ అసలు మూసుకోదు. అమలాపురం కింద నీరు, రాజమండ్రి కింద నీరు ఒకటి కావు.

గండం పొంచి ఉండే చోట్లు ఇంకో రెండు ఉన్నాయి: మిషను షాఫ్టు గోడలోంచి బయల్దేరేటప్పుడు, అవతల షాఫ్టులోకి వచ్చేటప్పుడు. గోడ కోసే ముందు దాని అవతల గట్టిపరచిన మట్టిలోకి ఐదారు చోట్ల సన్నటి కన్నాలు వేసి చూస్తారు. ఏ కన్నం నుంచైనా నీటితో పాటు ఇసుక వస్తే గోడ ముట్టుకోకూడదు. తేటనీరు కాస్త వచ్చినా భయం లేదు, మురికినీరు వస్తేనే భయం. ఏటిగట్టుకి బుంగ పడితే లంకల్లో ముసలాళ్ళు చూసేదీ అదే, నీళ్ళు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా అని. 1986 ఆగస్టు వరదలో గట్ల మీద రాత్రులు గడిపిన తరానికి ఇది పాఠం కాదు, అలవాటు. బుంగ నోట్లో బస్తా కుక్కకుండా చుట్టూ బస్తాలు పేర్చి లోపల నీళ్ళు నిలవనిస్తే ఊట నెమ్మదించడం కూడా మళ్ళీ ఒత్తిడికి ఒత్తిడే.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. ఇదంతా పుస్తకంలో లేదా అంటే ఉంది. కానీ రింగు తుడవలేదని షిఫ్టు ఆపాలా వద్దా అన్న నిర్ణయం పుస్తకం నేర్పదు. బ్రిటిష్ సైన్యంలో రాయల్ ఇంజినీర్స్ అధికారులు చాతంలోని తమ స్కూల్లో ఇంజినీరింగ్ అర్హత కోర్సు చేసేటప్పుడు బయటి నిర్మాణ సంస్థల్లో అటాచ్‌మెంట్ కోర్సులోనే భాగం. లండన్‌లో ఎలిజబెత్ లైనుకి 42 కిలోమీటర్ల సొరంగాలు 2012 నుంచి 2015 మే దాకా తవ్విన పనిలాంటిది దగ్గర్లో ఉన్నప్పుడు దాన్ని వదులుకునే సైన్యం ఉండదు. ఆ దేశంలో దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 1915లో మాంచెస్టర్ మురుగు సొరంగాలు తవ్వే కార్మికుల్ని నార్టన్ గ్రిఫిత్స్ అనే కంట్రాక్టరు సైన్యంలోకి తెచ్చాడు. పలక మీద వెల్లకిలా పడుకుని కాళ్ళతో పార నెట్టి, చప్పుడు లేకుండా బంకమట్టి తవ్వే విద్య వాళ్ళది. మొదటి ప్రపంచయుద్ధంలో 1917 జూన్ 7న బెల్జియంలోని మెస్సీన్ దగ్గర పేలిన 19 మందుపాతరల వెనక ఆ తవ్వకందారుల పని ఉంది. విద్య అటూ ఇటూ నడుస్తుంది.

మన దగ్గర పంపాల్సింది ఆరేడేళ్ళ సర్వీసున్న కెప్టెన్ లేదా మేజర్‌ని. కల్నల్‌ని పంపితే ఆయనకి గది, కుర్చీ, టీ ఇచ్చి నెలాఖరు మీటింగులో ముందు వరసలో కూర్చోబెడతారు. మూడు నెలలకి పంపినా వృథా. సైట్లో దాన్ని ‘విజిటింగ్’ అంటారు. తక్కువలో తక్కువ రెండేళ్ళు, అందులో మిషను ఒక బయల్దేరడం, ఒక చేరడం, కనీసం రెండు అడ్డసొరంగాలు కళ్ళముందు జరిగేలా. మొదటి రెండు నెలలు సెగ్మెంట్ల యార్డులో, గ్రౌటు ప్లాంటులో ఉంచాలి. తరవాత ఆరు నెలలు పన్నెండు గంటల షిఫ్టులు, అందులో సగం రాత్రివి. రాత్రి రెండు గంటలకి జరిగే తప్పులు పగలు పన్నెండింటికి జరగవు. ఆపైన సర్వే, పరికరాల విభాగంలో నాలుగు నెలలు పనిచేయాలి. కుంగుడు కొలవడానికి ఇంటి గోడకి అంటించిన ప్రిజం (సర్వే అద్దం) రీడింగు ఎండకి మూడు మిల్లీమీటర్లు ఆడుతుందన్నదీ, దాన్నీ నిజమైన కుంగుడునీ విడదీయడం అక్కడే తెలుస్తుంది. మిగతా కాలం అడ్డసొరంగాల దగ్గర. హెడ్డాఫీసు, ప్లానింగ్ విభాగం చివరి రెండు నెలలకి చాలు.

యూనిఫాం వద్దు, హోదా పిలుపు వద్దు. తను తప్పుచేసిన సంగతి ‘మేజర్ సాబ్’ ముందు మిషను డ్రైవరు చెప్పడు. హెల్మెట్ మీద పేరుంటే చాలు.

కాగితాల్లో కొన్ని గట్టిగా రాసుకోవాలి. మొదటి ఏడాది అతను ఏ డ్రాయింగు మీదా, ఏ పర్మిటు మీదా తుది సంతకం చేయకూడదు. కంట్రాక్టరుకి ఉచితంగా దొరికిన ఇంజినీరు కాకూడదు కాబట్టి అతని చోటుకి సొంత మనిషిని తీసేయకూడదు. పాఠకుడు అడిగిన ‘జీతం ఎవరిది, లాభం ఎవరిది’ అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడుంది: అదనపు మనిషిగా వస్తే జీతం సైన్యం ఇవ్వాలి, కుర్చీ నింపడానికి వస్తే కంట్రాక్టరు ఇవ్వాలి. ప్రమాద బీమా ఎవరిదో ముందే తేలాలి. మట్టి, ఒత్తిడి, గ్రౌటు రికార్డుల నుంచి ప్రాజెక్టు పేరు తీసేసి పాఠాలుగా వాడుకునే హక్కు సైన్యానికి ఉండాలి, లేకపోతే రెండేళ్ళ తరవాత అతను తెచ్చేది జ్ఞాపకాలే. అత్యవసరమైతే సైన్యం వెనక్కి పిలుస్తుంది, పిలవాలి కూడా. అందుకే అతని వెనక మరొకరు నేర్చుకుంటూ ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, మిషను ఆపమనే అధికారం. రింగు లెక్కకి డబ్బు వచ్చేచోట ఆపడం ఎవరికీ ఇష్టం ఉండదు. షిఫ్టు ఇంజినీరుకి ఆపే హక్కు కాగితం మీద ఉంటుంది, ఆపినవాడికి మర్నాడు సంజాయిషీ అడగడమూ ఉంటుంది. ఆ షిఫ్టు జీతం కోసం భయపడనక్కర్లేని మనిషి ఒకడు అక్కడ ఉంటే, బరువు లెక్క మూడు రింగులు ఎక్కువొచ్చినప్పుడు ‘ఆపండి’ అనడం కొంచెం తేలికవుతుంది. సైన్యం నుంచి సైట్‌కి వచ్చే లాభాల్లో ఇదొకటి. షిఫ్టు మార్పిడి పద్ధతి రెండోది. దిగే షిఫ్టు ఎక్కే షిఫ్టుకి నోటిమాటతో ‘అంతా బాగానే ఉంది’ అని చెప్పి లిఫ్టెక్కడం సైట్లలో మామూలు. కాపలా మార్చేటప్పుడు సైన్యంలో అలా కుదరదు. ఏ గొట్టం మూసుకుంది, ఏ రింగుకి పెచ్చు ఊడింది, పైన ఏ ఇంటి రీడింగు హెచ్చరిక దాటింది, ఇవి ఇద్దరూ కలిసి నడిచి చూసి సంతకం పెట్టాలి.

తిరిగి వచ్చాక ఏం చేస్తారన్నది మాకు ఎక్కువ అనుమానం ఉన్న చోటు. రెండేళ్ళు మెత్తనేల కింద పనిచేసిన అధికారిని ఏ క్వార్టర్ల మరమ్మతుకో వేస్తే ఖర్చంతా గోదాట్లో కలిపినట్టే. కనీసం మూడేళ్ళు పుణేలోని మిలిటరీ ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికో, సొరంగం ప్రమాదాలకి వెళ్ళే దళంలోనో పోస్టింగు ఉంటుందని సెకండ్‌మెంట్ ఉత్తర్వులోనే రాయాలి.

మన డెల్టాకి మెట్రో లేదు, ఇప్పట్లో సొరంగం రైలూ అక్కర్లేదు. అయినా ఈ విద్య ఇక్కడికి పనికొస్తుంది. కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాలి. నది ఇసుకలో వంతెన పునాది బావి దింపేటప్పుడు అది ఒరగడం, కిందనుంచి ఇసుక పొంగడం పైన చెప్పిన గొడవలే. మురుగు గొట్టాలని రోడ్డు తవ్వకుండా జాకీలతో నెట్టే పనుల్లో కూడా మూతి ఒత్తిడి, సందు నింపడం చిన్న పరిమాణంలో అవే. కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన శ్రీధరన్ ఢిల్లీ మెట్రో కట్టించాడని గర్వంగా చెప్పుకుంటాం. ఆ కాలేజీ పిల్లలకి ఏడాదికి రెండు రోజులు ఈ అధికారులు వచ్చి బెల్టు తూకం కాగితాలు ముందు పెట్టి లెక్క చెప్పిస్తే అంతకంటే ఎక్కువ పనికొస్తుంది. ఒక చిన్న మాట: సొరంగం మట్టి మెరక చేసుకోవడానికి తెచ్చుకునే వాళ్ళుంటారు. నురగ మందు కలిసిన మట్టిని నేరుగా చేలోనో, రొయ్యల చెరువు గట్టుమీదో వేయకూడదు. ఆరబెట్టి, పరీక్ష చేయించాకే.

పంపే చోటు ఎంచుకోవడంలో కూడా చూపు ఉండాలి. గట్టి రాతిలో తవ్వే నగరానికి పంపితే కొండల్లో నేర్చినదే మళ్ళీ నేర్చుకుంటారు. ఒండ్రు, ఇసుక, పైకి తేలిన నీరు ఉన్న చోటికి పంపాలి. అదీ ఏప్రిల్‌లో కాదు. మొదటి బ్యాచ్ జూన్ నెలాఖరుకి సైట్లో దిగాలి. నేలలో నీరు పైకి లేచి, వేసవంతా పొడిగా కనబడిన అతుకులు ఒక్కొక్కటే చెమ్మగిల్లడం మొదలయ్యేది అప్పుడే.

ఇట్లు,
నీటిపారుదల, రైల్వే, మిలిటరీ ఇంజినీరింగ్ సర్వీసుల విశ్రాంత ఉద్యోగులు కొందరు,
ధవళేశ్వరం